పాలు పోసినా పోని వాసన

ముందు వాసన.

తాళం తియ్యకముందే, తలుపు తొయ్యకముందే, గడప దాటి వచ్చి పలకరించే వాసన. ఎండి బీటలు వారిన నేల మీద తొలి చినుకులు పడితే లేస్తుందే — అది. ఇక్కడ వాన లేదు. నేలా లేదు. ఉన్నదల్లా నాలుగు గోడలు, ఒక రేకుల కప్పు, గోనె పట్టాల కింద తొడ ఎత్తున పరుచుకున్న తేయాకు కుప్ప.

ఆకు ఊపిరి పీలుస్తూ ఉంటుంది.

ఆమె చెప్పులు బయట విప్పుతుంది. ఉంగరం తీసి కిటికీ అంచున పెడుతుంది. పట్టా ఒక మూల ఎత్తుతుంది. ఆవిరి మొహానికి కొడుతుంది. కుడి చెయ్యి మోచేతి దాకా కుప్పలోకి పోనిచ్చి, కళ్ళు మూసుకుంటుంది.

ఇంకా లోపలికి...

ఇంకొంచెం...

అక్కడ ఉంటుంది, ఆమె వెతికే వేడి.

పదేళ్ళుగా ఇదే వరస. ఆ గదిలో ఆమెని పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ కోడలే. కుప్ప మేస్త్రీ గారి కోడలు.

కుప్ప మేస్త్రీ అంటే ఆమె మావయ్య. ఆకు కొయ్యడం, వాడ్చడం, పెనం మీద వేపడం, ఎండబెట్టడం మిగతావాళ్ళు చూసుకుంటారు. ఆ ఎండిన ఆకును కుప్ప పోసి, నీళ్ళు చిలకరించి, పట్టాలు కప్పి, నలభై అయిదు రోజులు మాగబెట్టడం మావయ్య పని. మధ్యలో నిప్పు పెట్టేది లేదు. ఆకు తనంతట తనే వేడెక్కాలి. తనంతట తనే నల్లబడాలి. మనిషి చెయ్యవలసిందల్లా కనిపెట్టుకుని ఉండడం.

చైనా కొండల్లో పుట్టిన పద్ధతి అది. ఆ టీని పూ-అర్ అంటారు. ఈ ఇంట్లో మాత్రం ఎవరూ అనరు. ఇంట్లో అది "ఆకు", అంతే. మిగతా టీలు తాజాగా ఉంటే గొప్ప. ఇది పాతబడేకొద్దీ గొప్ప. ఆ గొప్ప ఈ ఇంటివాళ్ళ మాటతీరులో కూడా కాస్త కనబడుతుంది, కాదనలేం.

ఈ ఇంట్లో కాలు పెట్టిన మర్నాడే ఆమె ఒక ఘనకార్యం చేసింది.

పొద్దున్నే లేచింది. అందరికంటే ముందు లేచి, అందరికీ తన చేత్తో టీ ఇవ్వాలని ఉబలాటం. వంటగదంతా వెతికింది. ఏ డబ్బాలోనూ టీ పొడి లేదు. అలమార పై అరలో, రంగు మారిన కాగితంలో చుట్టి, రొట్టె అంత గుండ్రటి నల్లటి బిళ్ళ ఒకటి దొరికింది. వాసన చూసింది. టీయే. రాయిలా గట్టిగా ఉంది. అయితేనేం — రోట్లో వేసి దంచింది. పాలు పోసింది. చక్కెర వేసింది. అల్లం కూడా తగిలించింది. మూడు పొంగులు వచ్చేదాకా మరిగించింది.

అది మావయ్య పెళ్ళి అయిన ఏడు వొత్తిన బిళ్ళ. ఇరవై ఎనిమిదేళ్ళు దాచిన బిళ్ళ. కొడుకులు పుట్టినప్పుడు విప్పలేదు. ఇల్లు కట్టినప్పుడు విప్పలేదు.

అందులో మూడో వంతు రోట్లో పడిపోయింది.

అత్తయ్య ముందు ఆ కాగితం చూసింది. తరవాత రోలు చూసింది. ముక్కు మీద వేలేసుకుంది.

"కొంప ముంచావు గదే తల్లీ..."

పళ్ళు తోముకుంటున్న భర్త బ్రష్షు నోట్లోనే పెట్టుకుని నిలబడిపోయాడు. సంగతి తెలిశాక ఆమెకి ఏడుపు కూడా రాలేదు. 

మావయ్య వచ్చి కూర్చున్నాడు. కప్పు అందుకున్నాడు.

తాగాడు.

గుక్క తరవాత గుక్క. మధ్యలో ఆపలేదు. అడుగున చుక్క మిగల్చలేదు. ఆ కప్పు ఖాళీ అయ్యేదాకా వంటగదిలో ఎవరూ కదల్లేదు.

"నువ్వు తాగావా? ఎలా ఉందమ్మా నీకు?" అని అడిగాడు.

తిట్లకి సిద్ధపడి నిలబడ్డ మనిషి ఆమె. ప్రశ్న వచ్చేసరికి అబద్ధం తట్టలేదు.

"ఇన్ని పాలు పోశాను, ఇంత అల్లం వేశాను మావయ్యా... అయినా అడుగున ఎక్కడో వాన పడ్డ మట్టి వాసన అలాగే ఉంది. ఎంత మరిగించినా పోలేదు. ఎందుకో నాకు తెలీదు."

ఆయన కప్పు కింద పెట్టాడు. భార్య వైపు తిరిగాడు.

"రేపట్నించి ఈ అమ్మాయిని కుప్ప దగ్గరికి తీసుకెళ్తాను. ముక్కుంది."

"మాకందరికీ లేనట్టు," అంది అత్తయ్య.

ఆ తరవాత ఆ సంగతి ఇంట్లో కథగా స్థిరపడిపోయింది. చుట్టాలు ఎవరొచ్చినా అత్తయ్య వదిలిపెట్టేది కాదు. "మా కోడలికి పాలు అందేంత దూరంలో ఏదీ ఉంచకండి," అనేది. అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. కానీ మిగిలిన రెండు వంతుల బిళ్ళ అదే అరలో, అదే కాగితంలో ఉంది. అలమార తలుపు తీసినప్పుడల్లా ఆమెకి ఎక్కడో గుచ్చుకునేది.

అలా మొదలైంది నేర్చుకోవడం.

మొదటి ఏడాదంతా నీళ్ళ డబ్బా మొయ్యడమే. రెండో ఏడాది చెక్క పార — అడుగు ఆకు పైకి, పై ఆకు అడుగుకి తిరగెయ్యడం, గడ్డకట్టిన ఆకును వేళ్ళతో విడదియ్యడం. ఆ ఏడే పార జారి చిటికెన వేలు విరిగింది. అతుక్కుంది, కానీ కొంచెం వంకరగానే ఉండిపోయింది. మూడో ఏడు గానీ మావయ్య ఆమె చేతిని కుప్పలో పెట్టనివ్వలేదు.

"థర్మామీటరు వేడి చెబుతుంది. చెయ్యి కోపం చెబుతుంది," అనేవాడు.

కుప్ప వేడెక్కడం వేరు, కోపం తెచ్చుకోవడం వేరు అట. మొదట్లో ఆమెకి రెండూ చుర్రుమనడమే. పోనుపోను తేడా తెలిసింది. తెలిసిన రోజున ఎవరికీ చెప్పలేదు. ఇంటికి నడుస్తూ, దారంతా తనలో తను నవ్వుకుంది.

వాసనలు కూడా అలాగే పట్టుబడ్డాయి. మొదటి వారం తడిగుడ్డ వాసన. రెండో వారం ముక్కు పుటాలు అదిరే పులుపు — కొత్తవాళ్ళు ఆ వారం పని మానేస్తారు. మూడో వారం ఉడికిన దుంపల తీపి. తరవాత పాత చెక్కపెట్టె తెరిచినట్టు. ఆ తరవాత... మట్టి. వాన పడ్డ మట్టి. అది వచ్చిందంటే ఆకు దారిలో పడ్డట్టే.

ఆమె చెయ్యి నల్లబడింది. గోళ్ళ అంచుల్లో టీ రంగు దిగింది. ఎంత తోమినా పోదు. మొదట్లో నలుగురిలోకి వెళ్ళినప్పుడు చెయ్యి దాచుకునేది. ఇప్పుడు దాచదు. పైపెచ్చు, కప్పు అందుకునేటప్పుడు అవసరమైన దానికంటే కొంచెం ముందుకే చాపుతుంది.

ఆకును బిళ్ళలుగా వొత్తేటప్పుడు ప్రతి బిళ్ళలోనూ ఒక చీటీ పెడతారు. సగం ఆకులో ఇమిడిపోయి, సగం బయటికి కనబడుతూ. పైన చుట్టిన కాగితం చిరిగిపోవచ్చు, పోవచ్చు. చీటీ పోదు. బిళ్ళ ఎంత కాలం ఉంటే అదీ అంత కాలం ఉంటుంది. దాని మీద కుప్ప కాచిన మనిషి గుర్తు ఉంటుంది. ఈ ఆకుకి ఈ చెయ్యి పూచీ అని.

నలభై ఏళ్ళుగా ఈ ఇంటి చీటీ మీద ఒకటే గుర్తు. మావయ్య అరచెయ్యి. నీలి సిరా.

కిందటేడు మావయ్య మోకాళ్ళు మొరాయించాయి. కుప్ప పక్కన కూర్చుంటే లేవలేని స్థితి. కొత్త ఆకు దిగిన రోజున, అందరి ముందూ, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"ఈ ఏటి కుప్ప నీది."

పక్కనే ఉన్న బావగారి మొహం మాడిపోయింది. ఆమె భర్తకి అన్నగారు ఆయన. ఈ గదిలో మిషన్లు పెట్టించాలని ఆయన ఆశ.

"సరే నాన్నా. ఏటా వచ్చి మన ఆకు రుచి చూసే పెద్దాయన ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు. ఒప్పుకోకపోతే మాత్రం ఈ ఆకు చీటీ లేకుండా మూటల్లో పోతుంది. తాళం నాకు రావాలి," అన్నారు.

"అలాగే," అన్నాడు మావయ్య. ఆమెని అడగలేదు. అడిగినా ఆమె అలాగే అనేది.

నాలుగు టన్నుల ఆకు. ఒక తాళంచెవి. ఒక చెయ్యి.

పందొమ్మిదో రోజు.

గది గోడకి వేడి పట్టిక వేలాడుతూ ఉంటుంది. రోజుకో గడి. గడికో అంకె. అరవై రెండు డిగ్రీలు దాటితే తిరగెయ్యాలి. ఆ నియమం మావయ్య పెట్టిందే, నలభై ఏళ్ళలో ఎవరూ దాటింది లేదు. ఆ పొద్దున థర్మామీటరు అరవై నాలుగు చూపించింది. మనుషులు పారలు పట్టుకుని నిలబడ్డారు. మావయ్య తలుపు దగ్గర కుర్చీలో ఉన్నాడు.

"తిరగెయ్యండి," అన్నాడు.

ఆమె చెయ్యి పెట్టింది. నడిమధ్యన. గోడ వారన. మళ్ళీ నడిమధ్యన.

పై పొరలో వేడి. మంట లాంటి వేడి. కానీ అడుగున... అడుగు పొరలో ఆకు ఇంకా గోరువెచ్చగానే ఉంది. ఇంకా నిద్ర లేవలేదు. ఇప్పుడు తిరగేస్తే పై వేడి చెదిరిపోతుంది, అడుగు ఇక లేవదు, మొత్తం కుప్ప పులుపెక్కుతుంది. ఆగితే పై ఆకు మాడిపోవచ్చు. మాడితే మిగిలేది నాలుగు టన్నుల బొగ్గు.

"ఇవాళ వద్దు మావయ్యా. రేపు."

"అరవై నాలుగమ్మా."

"వద్దు."

 కుప్పలోంచి తీసిన చెయ్యి, ఆకు రసం కారుతున్న చెయ్యి — తీసుకెళ్ళి పట్టిక మీద, పందొమ్మిదో గడి మీద చరిచింది. ఫట్టుమంది. అరచెయ్యంతా గోధుమరంగులో అచ్చు పడింది. ఇక అక్కడ అంకె రాయడానికి చోటు లేదు.

పారలు పట్టుకున్నవాళ్ళు తలలు దించుకున్నారు. ఆ గదిలో మావయ్య మాటకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు. ఆయన ఆమె వంక చూశాడు. పట్టిక వంక చూశాడు.  తరవాత కర్ర ఊతంతో లేచి వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా గంటకోసారి చెయ్యి పెట్టి చూసింది. సాయంత్రానికి మోచేతి దాకా ఎర్రబడింది.

మర్నాడు వచ్చేసరికి గోడ మీద పాత పట్టిక లేదు. మేకుకి చిన్న కాగితం చిరుగు వేలాడుతోంది. దాని మీదే కొత్త పట్టిక. మొదటి పద్దెనిమిది అంకెలూ మావయ్య దస్తూరీలో మళ్ళీ రాసి ఉన్నాయి. పందొమ్మిదో గడి ఖాళీ.

చింపేశాడు.

 నా చెయ్యి అంత కానిదైపోయిందా అనుకుంది. అయినా ముందు కుప్ప. పట్టా ఎత్తి చెయ్యి పెట్టింది. అడుగున వేడి లేచింది. కింది నుంచి పై దాకా ఒకటే వేడి.

"తిరగెయ్యండి," అంది.

తిరగేశారు. ఆవిరి రేకుల దాకా లేచింది. పై ఆకులో కొన్ని అంచులు బాగా నల్లబడ్డాయి. ఒకటి తీసి నమిలింది. మాడిందో, మాగిందో తెలియలేదు. అది ఆ రోజున తెలిసే సంగతి కాదు.

నలభై అయిదో రోజున కుప్ప విప్పారు. ఆరబెట్టారు. సంచుల్లో పోసి ఏడాది పాటు చీకటి గదిలో ఉంచారు, కుప్ప వాసన పోయేదాకా. ఆ ఏడాది పొడుగునా మావయ్య చిరిగిన పట్టిక ఊసు ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. అన్నం పెట్టింది, మందులిచ్చింది, మోకాళ్ళకి నూనె రాసింది. అడగాలనుకున్న మాట నాలుక చివరి దాకా వచ్చి వెనక్కి పోయేది.

చివరికి రుచి చూసే పెద్దాయన వచ్చారు.

ఆయనకి ఇంట్లో పెట్టుకున్న పేరు గుటక గారు. ఎక్కడా పెదవి విప్పరు. గుటక వేస్తారు, తల ఊపుతారు, లేదా ఊపరు. అంతే. పొద్దున పదింటికి వచ్చి కిటికీ పక్క బల్ల ముందు కూర్చున్నారు. కప్పుల మీద ఎండ పడుతోంది. బావగారు చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నారు. భర్త కిందటి వారం వొత్తిన నమూనా బిళ్ళ తెచ్చి బల్ల మీద పెట్టాడు. చీటీ లేని బిళ్ళ.

మావయ్య దబ్బనం తీసుకున్నాడు. బిళ్ళ అంచున గుచ్చి, ఆకు నలక్కుండా, పొరలు పొరలుగా విడదీశాడు. చిన్న మట్టి కూజాలో వేశాడు. సలసల మరిగే నీళ్ళు పోశాడు. మొదటి నీళ్ళు వెంటనే పారబోశాడు. "నిద్ర లేచిన ఆకు మొహం కడుక్కోవద్దూ?" అంటుంది అత్తయ్య దాన్ని. రెండోసారి పోశాడు. మనసులో పది లెక్కపెట్టి, కప్పులోకి వంచాడు.

అంచున ఎరుపు. నడుమ చీకటి.

గుటక గారు సర్రున పీల్చారు. నోరంతా తిప్పారు. గుటక వేశారు. ఖాళీ కప్పు ముందుకి జరిపారు.

రెండో కప్పు. మూడో కప్పు. నాలుగో కప్పు.

అయిదో కప్పు మావయ్య ఆమె చేతికిచ్చాడు. ఆమె ఏడాదిగా ఎదురుచూసిన గుక్క అది.

ముందు ఏమీ లేదు, మెత్తదనం తప్ప. నాలుక మీద బరువుగా, నున్నగా పరుచుకుంది. తరవాత చెక్క. తరవాత ఎండు ఖర్జూరం. మింగేశాక, అయిపోయిందనుకున్నాక, గొంతులోంచి తీపి మెల్లగా వెనక్కి వచ్చింది. వొళ్ళు వెచ్చబడింది. నేను చేశాను దీన్ని, అనుకుంది. ఈ చేత్తో చేశాను.

అంతలో తగిలింది.

నూలుపోగంత. ఆ తీపి చివర, నూలుపోగంత మాడు.

పందొమ్మిదో రోజు.

ఆమెకి తగిలిందంటే గుటక గారికి తగలకుండా ఉండదు. కప్పు బల్ల మీద పెట్టేసింది. మావయ్య మాత్రం నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. ఆరు. ఏడు. ఎనిమిది. మామూలు ఆకు అయితే ఈపాటికి వెలిసిపోవాలి. తొమ్మిదో కప్పులోనూ రంగు దిగలేదు.

గుటక గారు కప్పు బోర్లించారు. నోరు తెరిచారు. అందుకే అందరూ ఉలిక్కిపడ్డారు.

"చిటికెడు మాడుంది."

బావగారు గోడ వదిలి ఒక అడుగు ముందుకి వేశారు.

"తిరగెయ్యాల్సిన రోజున ఎవరో తిరగెయ్యలేదు. ఒక రోజు ఆగారు. ఆగబట్టే అడుగు ఆకు కూడా మాగింది. తొమ్మిది నీళ్ళకీ నిలబడింది. నాకైతే అంత గుండె లేదు," అన్నారు గుటక గారు. మావయ్య వైపు తిరిగారు. "మేస్త్రీ, ఈ వయసులో నీకింత తెగింపు ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా?"

"ఆ చెయ్యి నాది కాదు," అన్నాడు మావయ్య.

నాది కాదు అన్న మాటని అంత గర్వంగా అనవచ్చని ఆ గదిలో ఎవరికీ అంతకుముందు తెలియదు.

"మా కోడలిది."

గుటక గారు ఆమె వైపు చూశారు. ఆమె చేతి వైపు చూశారు. తల ఊపారు. ఒక్కసారే.

"అయితే చీటీలు అచ్చు వేయించు."

"వేయించాను."

మావయ్య కర్ర ఊతంతో లోపలికి వెళ్ళి ఒక రేకు డబ్బా తెచ్చాడు. మూత తీశాడు. చీటీల దొంతర. ఆమె ఒకటి చేతిలోకి తీసుకుంది. అరచెయ్యి. నీలి సిరా కాదు, గోధుమరంగు. చిన్న అరచెయ్యి. చిటికెన వేలు కొంచెం వంకర. వేళ్ళ సందుల్లోంచి గడుల గీతలు కనబడుతున్నాయి. బొటనవేలి పక్కన, మావయ్య దస్తూరీలో, రోజు అంకె: పందొమ్మిది.

చింపెయ్యలేదు. చింపుకుని దాచుకున్నాడు.

"ఎప్పుడు వేయించారు మావయ్యా?"

"ఆ వారమే."

"అప్పటికి మాడిందో లేదో కూడా తెలీదు కదా. మొత్తం మాడిపోయి ఉంటే?"

"మాడినా చెయ్యి నీదే కదమ్మా."

ఆమె ఇక ఆగలేకపోయింది. అందరి ముందూ ఏడ్చింది. సిగ్గుపడలేదు. ఏడుస్తూనే ఆ చీటీని ఎండకి పట్టుకుని, అయిదు వేళ్ళనీ మళ్ళీ మళ్ళీ చూసుకుంది.

"ఏడాదిగా నా బియ్యం డబ్బా వెనక దాచాడు," అంది అత్తయ్య, కళ్ళు తుడుచుకుంటూ. "ఏమిటయ్యా అది అంటే ఎలకల మందు అన్నాడు. ముట్టుకుంటే ఒట్టు!"

బావగారు గొంతు సవరించుకున్నారు. "మిషన్లవాడు ఎల్లుండి వస్తానన్నాడు. వద్దని చెప్పాలి," అని బయటికి నడిచారు.

గుటక గారిని సాగనంపాక ఇల్లు సద్దుమణిగింది. మావయ్య వంటగదిలోకి వచ్చి పీట మీద కూర్చున్నాడు. నమూనా బిళ్ళలో మిగిలిన ముక్క ఆమె ముందు పెట్టాడు.

"రోలు తియ్యి."

"మావయ్యా?"

"పాలు పెట్టు. చక్కెర వెయ్యి. అల్లం మర్చిపోకు. నా ఆకుకి పెట్టిన పరీక్ష నీ ఆకుకి వద్దూ?"

అత్తయ్య పగలబడి నవ్వింది. ఆమెకి మాత్రం నవ్వు రాలేదు. పొద్దుట గుటక గారి ముందు కూడా ఇంత బెదురు లేదు.

దంచింది. పాలు పోసింది. చక్కెర వేసింది. అల్లం నలిపి వేసింది. ఒక పొంగు. రెండు పొంగులు. మూడు.

వడకట్టి కప్పు ఆయన చేతికిచ్చింది.

ఆయన వెంటనే తాగలేదు. కప్పు ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. పన్నెండేళ్ళ కిందట కూడా అదే పీట, అదే కిటికీ. ఆమె ఎదురుగా, గరిటె పట్టుకుని నిలబడింది. చూసి చూసి, ఆగలేక, తన కప్పు తనూ ఎత్తింది. కళ్ళు మూసుకుంది.

పాల కమ్మదనం. దాని కింద చక్కెర. దాని కింద అల్లం ఘాటు.

ఇంకా లోపలికి...

ఇంకొంచెం...

గుక్క ఇంకా ఎవరూ వెయ్యలేదు.

ముందు వాసన.